తడి అంటని అమ్మవారు

రెండువేల ఎనిమిదో సంవత్సరం మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి. నంద్యాల గాంధీచౌక్ వెనక సందులో రాతిపనివాళ్ల సామాన్ల అంగడి, దానికి ఆనుకుని ఒక గోదాము, పాత స్కూటరు, భార్య రామేశ్వరమ్మ, ప్రొద్దుటూరుకు ఇచ్చిన ఒక్కగానొక్క కూతురు భానుప్రియ. వీటికి తోడు పైకి కనిపించని ఆస్తి ఇంకొకటి ఉండేది. బేతంచెర్ల బండల ఫ్యాక్టరీల వాళ్లు గానీ, ఆళ్లగడ్డ శిల్పులు గానీ నా దగ్గర సరుకు తీసుకునేటప్పుడు డబ్బా మూత తెరిచి చూసేవాళ్లు కాదు. శేషయ్య శెట్టి ఇచ్చాడంటే చాలు. ఆ నమ్మకం మా నాయన సంపాదించింది. నేను దాన్ని తరిగిపోకుండా చూసుకుంటూ వచ్చాను.

అంగట్లో ఉన్నవన్నీ మొరటు సరుకులు. సానరాళ్లు, ఆసిడ్, మైనం, పాలిషు పొడి. ఏది ఏం చేస్తుందో పైకే తెలిసిపోయేది. ఆసిడ్ పడితే చెయ్యి కాలుతుంది, మైనం ఎండకు కరుగుతుంది. మంచీ చెడ్డా రెండూ కంటికి కనబడే సరుకుతోనే నేను జుట్టు నెరిసేదాకా వ్యాపారం చేశాను.

ఆ ఫిబ్రవరిలో బెంగళూరు నుంచి హరీష్ అనే ఏజెంటు వచ్చాడు. వెంట తెచ్చిన బండకు ఒక సగం మాత్రం ఏదో పూత పూసి ఉంది. చూడ్డానికి రెండు సగాలూ ఒకటే. దాని మీద కాఫీ పోశాడు. ఒక సగం కాఫీని తాగేసి నల్లబడింది. రెండో సగం మీద కాఫీ గుండ్లు కట్టి దొర్లి నేల మీద పడింది. కింద చుక్క తడి లేదు. అది నానో పూత అన్నాడు. నేను ఏజెంట్ల మాట నమ్మేవాణ్ణి కాదు. ఆ బండను మిద్దె మీద ఎండలో పడేసి, నెలంతా నూనె, పసుపు, గోంగూర పులుసు, ఏది దొరికితే అది పోసి చూశాను. దేనికీ మరక పడలేదు. అప్పుడు సరుకు దింపమన్నాను.

బేతంచెర్ల వాళ్లు మొదట నవ్వారు. అప్పటికి అందరి నోట్లో ఆ పేరుతో నానుతున్నది కొత్తగా రాబోయే చిన్న కారు. "నానో అంటే కారు గదప్పా, శెట్టి డబ్బాలో ఎట్ల పట్టిచ్చినాడు?" అని ఒక ఫ్యాక్టరీ ఓనరు ఎగతాళి చేశాడు. నెల తిరక్కముందే అతనే మనిషిని పంపి ఇంకా కావాలన్నాడు.

ఆ రోజుల్లోనే డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే లూదియా మేడం అంగడికి వచ్చింది. కొత్తగా నానో టెక్నాలజీ పాఠం వచ్చిందనీ, పిల్లలకు చూపించడానికి బోర్డు మీది బొమ్మ తప్ప తన దగ్గర ఏమీ లేదనీ చెప్పి, డబ్బా అడుగున మిగిలింది ఏమైనా ఉంటే ఇమ్మంది. నేను ఇచ్చాను. మీరూ వచ్చి వినండి, మీరు అమ్మేదాని సంగతే కదా అంటే వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. వెంట్రుక మందాన్ని లక్ష భాగాలు చేస్తే ఒక భాగం ఎంత ఉంటుందో, ఆ పూతలోని రేణువులు ఆ కొలతలో ఉంటాయని చెప్పింది. చేమాకు మీద అలాంటి సన్నని బొడిపెలు ఉండబట్టే నీళ్లు నిలవవని, ఆకు చేసే పనినే మనిషి రాతి చేత చేయిస్తున్నాడని చెప్పింది. బండ మీద నీళ్లు దొర్లినప్పుడు పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక అమ్మాయి లేచి, పూత అరిగిపోయినాక ఆ రేణువులు ఎక్కడికి పోతాయని అడిగింది. మేడం, ఆ ప్రశ్న రాసుకో, జవాబు మన పుస్తకంలో లేదు అంది. నేను అప్పుడు ఆ మాట సరిగ్గా వినలేదు. నంద్యాలలో కొత్తగా కడుతున్న ఇళ్లన్నీ నా కళ్లముందు తిరుగుతున్నాయి.

తర్వాత వచ్చినవాడు దేవరాజు. ఆళ్లగడ్డలో మూడు తరాలుగా విగ్రహాలు చెక్కే ఇంటివాడు. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. నల్లమల కిందున్న ఒక పల్లె వాళ్లు సుంకులమ్మ విగ్రహం చెయ్యమని అతనికి అప్పజెప్పారు. పాత విగ్రహం నూనె, పసుపు, దీపం మసి పట్టీ పట్టీ ముఖం అరిగిపోయి, ముక్కేదో నోరేదో తెలియకుండా అయిందట. కొత్త అమ్మవారికి ఆ గతి పట్టకూడదని ఊరివాళ్ల కోరిక. అక్కడ పూజారి బయ్యన్న. అడవిలోని చెంచుగూడెం మనిషి. పల్లె రైతులు ఎంత పెద్దవాళ్లైనా అమ్మవారి దగ్గర మాత్రం అతని మాటే చెల్లుతుంది.

దేవరాజుకు నేనే డబ్బా ఇచ్చాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతికి తొడుగు వేసుకుని పుయ్యమన్నాను. తన చప్పరం కింద మూడు పూతలు పూసి ఎండబెట్టాడు.

ఇక్కడ శిల్పుల ఆచారం ఒకటి చెప్పాలి. విగ్రహం అంతా పూర్తయినా కళ్లు మాత్రం చెక్కరు. ప్రతిష్ఠ రోజున గుడిలో నిలబెట్టాక, తెర కట్టి, శిల్పి ఒక్కడే లోపలికి పోయి కళ్లు తెరిపిస్తాడు. ఆ తర్వాత ఆ విగ్రహానికి ఉలి తగలకూడదు. ప్రాణం ఉన్న ఒంటి మీద ఉలి పెట్టినట్టే లెక్క.

శ్రావణంలో ప్రతిష్ఠకు నేనూ రామేశ్వరమ్మా వెళ్లాం. దేవరాజు తెరలోంచి బయటికి వచ్చాడు. బయ్యన్న తెర తీసి కోనలో నుంచి తెచ్చిన నీళ్లు కుండతో తల మీద పోశాడు. నీళ్లు అమ్మవారి ఒంటిని తాకినట్టే లేదు. గుండ్లు గుండ్లుగా భుజాల మీద నుంచి దొర్లి పాదాల దగ్గర తొట్టిలోకి పోయాయి. రాయి పొడిగా ఉంది. తడిసింది కళ్లు మాత్రమే. పూత మీద నుంచి ఉలి దిగింది అక్కడొక్కచోటే కాబట్టి, అక్కడి రాయి నీళ్లు పీల్చి నల్లబడింది. ఆ తడి కంటి కొలుకుల దాకా పాకి మెరిసింది.

జనం ముందుకు తోసుకున్నారు. ముందు వరసలో ఉన్న సుంకమ్మ అనే ముసలావిడ మెల్లగా అంది.

"అమ్మ ఏడుస్తాండాది."

ఊరికి ఏం కీడు మూడిందోనని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మళ్లీ సుంకమ్మే అంది. "మనకోసరం గాదు. మోసీ మోసీ కడుపు పోగొట్టుకున్న బిడ్డలున్నారే, వాళ్లకోసరం."

ఆవిడ కోడలికి అంతకు ముందు నెలలోనే కాన్పు చెడిపోయిందని తర్వాత తెలిసింది. దేవరాజు నా వైపు చూశాడు. నేను అతని వైపు చూశాను. ఇద్దరికీ సంగతి తెలుసు. అప్పుడు నోరు విప్పాల్సిన అవసరం ఉందని ఇద్దరికీ అనిపించలేదు. కీడు అనుకున్నది మేలుగా మారింది, అంతటితో సరి అనుకున్నాం.

రెండు నెలల్లో ఆ పల్లె పేరు దొర్నిపాడు, అవుకు దాకా పాకింది. శుక్రవారం వస్తే జీపులు, ఆటోలు. అమ్మవారి ఒంటి మీద నుంచి దొర్లి తొట్టిలో పడిన నీళ్లను ప్లాస్టిక్ సీసాల్లో పట్టుకుపోయేవాళ్లు. కడుపుతో ఉన్నవాళ్లు, కడుపు నిలవనివాళ్లు వాటిని పొద్దున్నే పరగడుపున తాగేవాళ్లు. గుడి ముందు టెంకాయల అంగళ్లు, సీసాల అంగళ్లు వెలిశాయి. దేవరాజుకు చేతినిండా పని. నా గోదాములో డబ్బాలు వచ్చినవి వచ్చినట్టే పోతున్నాయి. ఇంకో రెండు గుళ్ల వాళ్లు తమ విగ్రహాలకూ అదే పూత కావాలని కబురు పెట్టారు.

దసరాకు భానుప్రియ పుట్టింటికి వచ్చింది. అయిదో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలబడలేదు కాబట్టి ఈసారి డాక్టరమ్మ ఎక్కువగా తిరగొద్దంది. ఇంట్లో అందరం అడుగుల చప్పుడు కాకుండా నడుస్తున్నాం. అది దగ్గితే రామేశ్వరమ్మ లేచి కూర్చునేది.

కార్తీకంలో ఒక పొద్దున నేను అంగడికి బయల్దేరుతుంటే భానుప్రియ వంటింట్లో చిన్న గ్లాసుతో నీళ్లు తాగుతోంది. పక్కన సీసా. అడుగున సన్నగా పసుపు పేరుకుని ఉంది. ఎక్కడివని అడిగితే అమ్మవారివని చెప్పింది. రామేశ్వరమ్మ ప్రతి శుక్రవారం ఆళ్లగడ్డ బస్సెక్కి, అక్కణ్ణుంచి జీపులో పోయి తెస్తోందట. నాకు సంతోషమే అయింది. తల్లి తాపత్రయం తల్లిది అనుకుని చెప్పులేసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే బేతంచెర్ల నుంచి ఒకతను వచ్చి, ఇంట్లో నీళ్ల తొట్టి కారుతోంది, లోపల నానో పూస్తే ఆగుతుందా అని అడిగాడు. ఆ సంగతి నాకు తెలియదు. హరీష్‌కు ఫోన్ చేశాను.

"తొట్టికి వద్దు సార్," అన్నాడు. "తాగే నీళ్లు తగిలేచోట వద్దని కంపెనీ చెప్పింది."

ఎందుకని అడిగాను.

"టెస్టింగు కాలేదు సార్. ఫ్లోరింగుకి, గోడలకి, బొమ్మలకి ఓకే. బొమ్మను కడిగి ఎవరూ తాగరు కదా సార్."

నేను ఫోన్ పెట్టేశాను. ఎదురుగా ఆ మనిషి ఏమన్నాడప్పా అని అడుగుతున్నాడు. నాకు ఇంట్లో ఆ గ్లాసు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

అంగడి మూసి నేరుగా కాలేజీకి పోయాను. లూదియా మేడం ల్యాబులో ఉంది. ఎన్ని పూతలు వేశారు, ఎన్నాళ్లు ఆరబెట్టారు, రోజూ ఏమేం పోస్తారు అని వరసగా అడిగింది. నీళ్లు, పాలు, పెరుగు, నిమ్మకాయ నీళ్లు, పసుపు పెట్టి చేత్తో రుద్దుతారు అని చెప్పాను. పులుపు అనగానే ఆమె కలం ఆపింది. రేణువులు రాతిని గట్టిగా పట్టుకుని ఉండొచ్చు, ఊడి రావచ్చు కూడా అంది. వస్తే లోపలికి పోయినాక ఏం చేస్తాయో తెలియదంది. ఇదే ఇసుక, ఇదే సరుకు, పెద్ద పలుకుగా ఉన్నప్పుడు ఒక గుణం, ఇంత సన్నగా అయినప్పుడు ఇంకో గుణం. ప్రపంచంలో పెద్ద పెద్ద చోట్ల ఇప్పుడిప్పుడే పరీక్షలు మొదలుపెట్టారని చెప్పింది.

"విషమని నేను చెప్పలేను, శెట్టిగారూ. కాదని కూడా చెప్పలేను."

నీళ్లు తెచ్చిస్తాను, పరీక్ష చేయించండి అన్నాను. హైదరాబాదులో తెలిసినవాళ్లు ఉన్నారని, రేణువులు ఉన్నాయో లేవో నెలకో రెండు నెలలకో చెప్పగలరేమో గానీ అవి మనిషికి చేటా కాదా అన్నది తేలడానికి ఏళ్లు పడుతుందని చెప్పింది.

"ఏళ్లంటే ఎట్ల మేడం? మా పాప కాన్పుకు నాలుగు నెలలే ఉండాది," అన్నాను.

ఆమె అప్పటిదాకా ఏదో రాసుకుంటోంది. తలెత్తింది. "మీ ఇంట్లో తాగుతున్నారా?"

తల ఊపాను.

"ఆపించండి. ఈ రోజే."

ఊరివాళ్లకు మీరొచ్చి చెప్తారా అని అడిగాను.  తాను వస్తే నీళ్ల మాట పక్కకు పోయి, చర్చికి పోయే మనిషి అమ్మవారిని తప్పుపట్టింది అన్న మాటే మిగులుతుందంది. అది నిజమే. "నేను మీకు నేర్పిస్తాను. మీరు చెప్పండి," అంది. ఆ సాయంత్రం నన్ను పిల్లవాణ్ణి కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి, తెలిసింది ఎంత, తెలియనిది ఎంత, రెండూ విడివిడిగా చెప్పడం నేర్పించింది. భయపెట్టొద్దు, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పొద్దు అని పదే పదే చెప్పింది.

ఇంట్లో చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. రామేశ్వరమ్మ మొదట వినలేదు. విన్నాక నమ్మలేదు. నమ్మినాక నా మీద మండిపడింది.

"రెండు పోయినాయి. ఇది నిలిచింది. నిలబెట్టింది ఎవురు? మీరా, మీ మేడమా? ఇప్పుడు ఆపినాక ఏమన్నా అయితే?"

 తాపితే ఏమవుతుందో తెలియదు, ఆపితే ఏమవుతుందో అదీ తెలియదు. వ్యాపారంలో రెండు దారులుంటే ఒకదాంట్లో నష్టం తక్కువ కనిపిస్తుంది. దీంట్లో రెండు వైపులా చీకటి. ఏమన్నా అయితే నా నెత్తిన వేసుకుంటాను అన్నాను. నెత్తిన వేసుకుంటే బిడ్డ వస్తుందా అంది.

భానుప్రియ గడప మీద నిలబడి అంతా విన్నది.

"నాయనా, అమ్మవారికి పూసింది నువ్వు అమ్మిన మందేనా?"

"నేను అమ్మిందే, పాపా."

అది తల ఊపి లోపలికి పోయింది. మరుసటి రోజు పొద్దున వాళ్లమ్మ గ్లాసులో పోసి పెట్టిన నీళ్లు తాగలేదు. అమ్మవారి నీళ్లని పారబొయ్యనూ లేదు. మీద పళ్లెం మూత పెట్టింది. ఆ గ్లాసు అలాగే గూట్లో ఉంది. అటూ ఇటూ పోతూ ముగ్గురం దాన్ని చూసేవాళ్లం. ఎవరమూ ముట్టుకోలేదు.

నేను అంతటితో ఆగిపోదామనే అనుకున్నాను. దాచడం ఎందుకు? నా ఇల్లు నేను చక్కబెట్టుకున్నాను, ఇంక ఎవరి అదృష్టం వాళ్లది అనుకుని రెండు రోజులు అంగట్లో కూర్చున్నాను. అమ్మకం జరుగుతూనే ఉంది. గురువారం భోజనం దగ్గర భానుప్రియ, తల ఎత్తకుండానే, "రేపు శుక్రవారం గదా నాయనా. ఆడికి ఎంతమంది వస్తారు?" అని అడిగింది. ముద్ద పళ్లెంలోనే పెట్టేశాను. చెయ్యి కడుక్కుని స్కూటరు తీశాను.

ఆళ్లగడ్డలో దేవరాజు నా మాట సగంలోనే ఉలి కింద పెట్టాడు.

"ఏం చెయ్యమంటావన్నా? కండ్లు తెరిపిచ్చినాక ఉలి పెట్టకూడదు. గీకేదానికి లేదు, తీసేదానికి లేదు."

గీకమనడం లేదు, ఊరికి చెప్దాం అన్నాను.

"చెప్తే నాకింక ఎవురు బొమ్మ చెయ్యమంటారు? దేవరాజు అమ్మకు రంగు పూసి మోసం చేసినాడంటారు. నీకేమప్పా, ఇది గాకపోతే ఇంకో సరుకు. నాకు ఇదొక్కటే. నువ్వు పోయి చెప్పుకో. నా పేరు తియ్యొద్దు."

"నీ పేరు తియ్యకుండా ఎట్ల చెప్పాల దేవరాజూ?"

అతను మళ్లీ ఉలి తీసుకుని పనిలో పడ్డాడు. నేను మేడం చెప్పినట్టు సగం పూసి పెట్టుకున్న బండను స్కూటరు ముందు పెట్టుకుని శుక్రవారం పొద్దున్నే ఆ పల్లెకు పోయాను. జనం ఇంకా రాలేదు. బయ్యన్న గుడి ఊడుస్తున్నాడు. సుంకమ్మ, ఇద్దరు ముగ్గురు ఊరి పెద్దలు అరుగు మీద ఉన్నారు. నేను బండ దించుతుండగా వెనక మోటారుసైకిల్ ఆగింది. దేవరాజు. నన్ను పలకరించకుండా వచ్చి ఒక పక్కన కూర్చున్నాడు.

నేర్చుకున్నదంతా చెప్పాను. బండ మీద నీళ్లు పోసి చూపించాను. చేమాకు మాట చెప్పాను, వెంట్రుక మాట చెప్పాను.  ఒక పెద్దమనిషి మధ్యలోనే అందుకున్నాడు.

"ఆ బండకూ అమ్మకూ ఏంది సంబంధం? బండ ఏడుస్తాందా?"

 అప్పుడు దేవరాజు లేచాడు. సంచిలోంచి సన్న ఉలి తీసి, పూత ఉన్న సగం మీద, అందరూ చూస్తుండగా, ఒక కన్ను చెక్కాడు. రాతిపొడి ఊదాడు. చెంబెడు నీళ్లు పోశాడు. నీళ్లు దొర్లిపోయాయి. కన్ను నల్లగా తడిసింది. కొలుకులో తడి మెరిసింది. ఉలి సంచిలో పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా మళ్లీ పోయి కూర్చున్నాడు.

సుంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమనుషుల్లో ఒకడు నన్ను బూతులు తిట్టాడు. ఇన్నాళ్లూ ఊరి పరువుతో ఆడుకున్నావన్నాడు. ఇంకొకడు, ఇది బయటపడితే అంగళ్లు ఏం కావాలన్నాడు. బయ్యన్న మాత్రం బండ ముందు గొంతుక్కూర్చుని ఆ కన్ను మీద వేలు పెట్టి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"శెట్టీ, ఆ నీళ్లు తాగితే చేటా?"

"తెలీదు బయ్యన్నా."

"తెలీకుండానే ఇంత దూరం వచ్చినావా?"

"తెలీదు కాబట్టే వచ్చినా."

"నీ ఇంట్లో తాగినారా?"

"నా కూతురు తాగింది. కడుపుతో ఉండాది. నాలుగు రోజుల నుంచి తాగనీలేదు."

అతను లేచి చేతులు దులుపుకున్నాడు. మా మీద కోపమో జాలో ఆ ముఖంలో నాకు తెలియలేదు. గుడిలోకి పోయి, తొట్టి కింద జనం సీసాలు పట్టుకునే దారిని మట్టితో మూసేశాడు. కోన నుంచి తెచ్చిన నీళ్ల కుండను అమ్మవారికి ఎదురుగా, ఆమె చూపు పడేచోట పెట్టాడు.

"ఇంక నీళ్లు అమ్మ మీద పొయ్యం. పువ్వు పెడతాం, దీపం పెడతాం. నీళ్లు ఆమె ముందర పెడతాం," అన్నాడు. "ఆమె చూసింది చాలు. కండ్లు పూత లేని రాయే గదా."

పెద్దమనుషులు గట్టిగా అరిచారు. కన్నీళ్లు లేకపోతే ఎవరొస్తారని అడిగారు. వచ్చేవాళ్లొస్తారని చెప్పి బయ్యన్న దీపం వెలిగించుకోవడానికి పోయాడు. సుంకమ్మ కుండలోని నీళ్లు దోసిట్లో పట్టుకుని, తాగక, చాలాసేపు అమ్మవారి కళ్లలోకి చూస్తూ నిలబడింది. తర్వాత తాగింది.

తిరిగి వచ్చేటప్పుడు దేవరాజు ఆళ్లగడ్డ దాకా నా ముందే పోయాడు. ఇంటి దగ్గర ఆగితే నేనూ ఆగాను. ఏదో అంటాడనుకున్నాను. తలుపు వేసుకున్నాడు.

ఆ తర్వాతి నాలుగు నెలలు నేను ఎలా గడిపానో చెప్పడం కష్టం. ఫోన్ మోగితే ఉలికిపడేవాణ్ణి. వీధిలో ఎవరైనా కడుపుతో ఉన్న మనిషి కనిపిస్తే, ఆమె ఆ నీళ్లు తాగిందేమోనని వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. ఎవరికైనా ఏమన్నా అయిందని వింటానేమోనని ఆళ్లగడ్డ వైపు నుంచి వచ్చేవాళ్లను ఊరికే మాటల్లో పెట్టేవాణ్ణి. ఏదీ వినబడలేదు. వినబడకపోవడం వల్ల ధైర్యం రాలేదు. రామేశ్వరమ్మ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. కోన నీళ్లు మాత్రం తెచ్చేది, భానుప్రియ తాగేది. హైదరాబాదు నుంచి లూదియా మేడంకు జవాబు వచ్చింది. నీళ్లలో సన్నని రేణువులు కనిపించాయట. అవి పూతవా, మామూలు రాతివా, చెప్పలేమన్నారట.

ఫిబ్రవరి చివర నొప్పులు వచ్చాయి. ఆసుపత్రి వరండాలో నేనూ రామేశ్వరమ్మా ఒకే బెంచీకి రెండు చివర్లా కూర్చున్నాం. లోపలి నుంచి ఏడుపు వినబడేసరికి ఆమె లేచి నా పక్కకు వచ్చి కూర్చుంది. నర్సు బయటికి వచ్చి ఆడబిడ్డ అని, ఇద్దరూ బాగున్నారని చెప్పింది. నేను ఆమెను ఆపి, వేళ్లన్నీ ఉన్నాయా, కళ్లు తెరిచిందా, ఊపిరి సరిగ్గా ఉందా అని అడిగీ అడిగీ విసిగించాను. ముందు బిడ్డను చూసుకో నాయనా, లెక్కలు తర్వాత అంది నర్సు.

మరుసటి ఏడు ఉగాదికి వ్యాపారం లెక్క చూసుకున్నాను. పోయినవి చాలా ఉన్నాయి. మిగిలిన డబ్బాలు హరీష్ కంపెనీ తిరిగి తీసుకోలేదు. గుళ్ల వాళ్లు రెండో మాట చెప్పకుండా తప్పుకున్నారు. బేతంచెర్ల వాళ్లు, వాళ్ల బండలకు ఏ ఇబ్బందీ లేకపోయినా, వేరే అంగళ్లకు తిరిగారు. దేవరాజుకు ఆ ఏడంతా అమ్మవారి విగ్రహం ఒక్కటీ రాలేదు. బొమ్మల కొట్లకు ఏనుగులూ సింహాలూ చెక్కి ఇల్లు గడుపుకున్నాడు. సానరాళ్లు కర్నూలు నుంచి తెచ్చుకుంటున్నాడు. ఆ పల్లె ముందర అంగళ్లు సగం లేచిపోయాయి. శుక్రవారం జీపులు తగ్గాయి. జమ వైపు చూస్తే, లూదియా మేడం అప్పుడప్పుడు నన్ను క్లాసుకు పిలిచి పిల్లలకు ఇదంతా చెప్పమంటుంది. చెప్తాను. ఎవరైనా ఆ నీళ్లు చెడ్డవేనా అని అడిగితే తెలియదంటాను. పిల్లలకు ఆ జవాబు నచ్చదు, రాసుకుంటారు.

ఇది రాసే నాటికి మనవరాలు అడుగులు వేస్తోంది. దానికి ఒళ్లు కాస్త వెచ్చబడితే నాకు చేతులు చల్లబడతాయి. అమ్మవారి నీళ్లు అన్నాళ్లు తాగబట్టే నిలిచిందని రామేశ్వరమ్మ అంటుంది. ఆపించబట్టే నిలిచిందని నేనంటాను. ఇద్దరిలో ఎవరి మాట నిజమో చెప్పమని మేడంను అడిగితే నవ్వి ఊరుకుంది. అన్నీ పోను ఆ బిడ్డ ఒక్కటీ లాభం. అది ఎవరి ఖాతాలోదో మా ఇంట్లో ఇంకా తేలలేదు.